పొద్దుగూకే వేళ ముల్లు

కాదు, దానిమ్మ గింజ రంగు కూడా కాదు. దానిమ్మలో మెరుపు ఉంటుంది, లోతు ఉండదు. ఆ సాయంత్రం సముద్రం మీది ఆకాశానికి లోతు ఉంది. చూస్తున్నకొద్దీ వెనక్కి జరిగే ఎరుపు. అంచుల్లో కొంచెం పసుపు, దాన్ని పసుపు అని కూడా అనలేం... బాలనర్సింహ సైకిల్ దిగి లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణం ముందు ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో అతనికే తెలియదు. లక్కగాజులు కడ్డీలకు వరుసలుగా వేలాడుతున్నాయి. చివరి వరుస ఆ రంగుకు కాస్త దగ్గరగా ఉన్నట్టు తోచింది.

“క్యా హోనా భాయ్? సైజ్ బోలో,” అన్నాడు దుకాణం అతను.

“సైజ్ కాదు భాయ్. రంగు చూస్తున్న.”

“దేఖో, దేఖో. ఘర్‌వాలీ కే వాస్తే?”

బాలనర్సింహ ఒక గాజు తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఇదీ కాదు. మళ్లీ కడ్డీకి తగిలించాడు.

“నై మిలా?”

“సముందర్ మే దేఖా థా.”

“తో వహీఁచ్ జాకే లే లో మియా!” అని, అక్కడికే వెళ్లి తెచ్చుకోమంటూ అతను పక్క దుకాణం వైపు తిరిగి నవ్వాడు. వాళ్లూ నవ్వారు. బాలనర్సింహకు కోపం రాలేదు. వెళ్లాలనే ఉంది. ఓడ దిగి నెల దాటినా, రాత్రి పడుకుంటే మంచం ఇంకా కొంచెం ఊగుతున్నట్టే ఉంటుంది. ఆ ఊపు పోకుండా ఉండాలని కదలకుండా పడుకుంటాడు.

హుస్సేనీ ఆలంలో పుట్టి, మూసీ తప్ప వేరే నీళ్లు ఎరగకుండా నలభై దాటిన మనిషి అతను. పనిచేసేది రేడియో పరికరాలు తయారుచేసే సర్కారీ కర్మాగారంలో. వాళ్ల విభాగం ఓడలకు దారి చెప్పే రిసీవర్ ఒకటి చేసింది. ఒడ్డున దూరదూరంగా ఉన్న స్టేషన్లు తరంగాలు పంపుతుంటే, ఓడలోని రిసీవర్ వాటిని పట్టి ముల్లుతో అంకెలు చూపిస్తుంది. ఆ అంకెలు పటం మీద వెతికితే ఓడ ఎక్కడుందో తెలుస్తుంది. అది చెప్పేది ఎంత నిజమో కొలవడానికి వీళ్లను పంపారు. ఓడ లంగరు వేసుకుని నిలబడేది. ఒడ్డున కొండ మీద ఒకరు, దీపస్తంభం మీద ఒకరు కోణాలు కొలిచే థియోడలైట్లతో ఓడ స్తంభాన్ని గురిచూసి దాని అసలు చోటు లెక్కగట్టేవారు. రిసీవర్ చెప్పిన చోటు ఒకటి, అసలు చోటు ఒకటి. ఆ రెండింటి మధ్య ఎడమే వాళ్లు సముద్రం నుంచి హైదరాబాదుకు తెచ్చుకున్న సరుకు.

ఇప్పుడు ఆ సరుకంతా అతని బల్ల మీద ఉంది. పెద్ద ట్రేసింగ్ కాగితం, నడుమ అసలు చోటుకు గుర్తుగా ఒక చుక్క, దాని చుట్టూ రిసీవర్ చెప్పిన ప్రతి చోటుకూ ఒక గుర్తు. ఎవరు చదివింది వాళ్ల గుర్తుతో. అతనివి చిన్న సున్నాలు, తోటి ఆపరేటరు సీమోనువి ఇంటూ మార్కులు. పెన్సిలు పని పూర్తయింది. సిరా పెట్టాలి. పొద్దుటి డ్యూటీ అతనిది, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా సీమోనుది. పగటి గుర్తులన్నీ నడిమి చుక్క చుట్టూ ఈగల్లా ముసిరి ఉన్నాయి. పొద్దుగూకే వేళవి మాత్రం, అన్నీ ఇంటూలే, ఒకవైపుకు తోలినట్టు దూరంగా పడ్డాయి.

మధ్యాహ్నం విభాగం పెద్ద రామ్‌చందర్ సార్ వచ్చి ఆ ఇంటూల మీద వేలుపెట్టాడు.

“సోమవారం కొనుగోలు కమిటీ వస్తది నర్సింహా. ఇవి గీయి, కానీ చుట్టూ చుక్కల గీత వేసి కింద రాయి. ఆపరేటర్ పొరపాటు, లెక్కకు తీసుకోలేదు అని.”

“సీమోను మంచిగనే చదివిండు సార్.”

“పొద్దంతా ఉక్కల కూసుంటే ఎవరికైనా కండ్లు తిరుగుతయ్. వాన్ని ఆపరేటర్ నుంచి తీసి మళ్ల ప్యాకింగ్‌కు పంపిస్త. నౌకరీ అయితే పోదు గద?” సార్ పోబోతూ వెనక్కి తిరిగాడు. “నెక్స్ట్ ట్రిప్ పడమటి సముద్రం. రెండు నెలలు. ఇన్‌చార్జివి నువ్వే.”

పడమటి సముద్రం. అంటే సూర్యుడు నీళ్లలోకే దిగుతాడు. ఆ ఇంటూల్లో గుడ్ ఫ్రైడే నాటివి కూడా ఉన్నాయి. ఆ సాయంత్రం ముల్లు ముందు సీట్లో కూర్చున్నది సీమోను కాదు.

*

ఇంటికి వచ్చేసరికి భార్య రాజమణి డాబా మీద నీళ్లు చల్లుతోంది. పొద్దంతా కాలిన గచ్చు బుస్సుమని ఆవిరి వదిలింది. బాలనర్సింహ రేడియోను పిట్టగోడ మీద పెట్టి విజయవాడ స్టేషను పట్టాడు. ఆడ గొంతు ఒకటి ఏదో పాడుతోంది. కాసేపటికి మక్కా మసీదు వైపు నుంచి అజాన్ వినిపించింది. ఇక మొదలవుతుందని ఎదురుచూశాడు. మొదలైంది. పాట సన్నబడింది, ఉబ్బింది, మళ్లీ సన్నబడింది. దాని కిందినుంచి ఇంకేదో భాషలో ఒక మగ గొంతు పైకి తేలింది.

“మల్ల దయ్యం పట్టింది నీ రేడియోకు,” అంది రాజమణి. “పొద్దుగూకితే చాలు.”

“దయ్యం కాదే. తరంగాలు పొద్దుగూకంగనే మొగులు మీదికెల్లి మల్ల కిందికి దుంకుతయ్. నేల మీదికెల్లి వచ్చేటివి, మొగులు మీదికెల్లి వచ్చేటివి కలిసి కొట్లాడుకుంటయ్.”

చిన్నప్పుడు అతనూ సీమోనూ రేడియో పని నేర్చుకున్న దుకాణంలో కరీం ఉస్తాద్ ఈ వేళకు బాగుచేసిన రేడియోను గిరాకీ చేతికి ఇచ్చేవాడు కాదు. ఎంత బతిమాలినా అంతే. “సుబో ఆనా బాబా, సుబో! అభీ యే ఘూమ్‌నే నిక్లా,” అని, పొద్దున రమ్మని పంపేసి, సెట్టు మీద గుడ్డ కప్పేసి నమాజుకు లేచేవాడు. వాళ్లిద్దరూ ఆ గుడ్డ కిందికి తలలు దూర్చి, చప్పుడు తగ్గించి, షికారుకు వెళ్లిన రేడియో ఏయే ఊళ్లు తిరుగుతోందో వినేవారు. సీమోను తలకు కొబ్బరినూనె వాసన. గుడ్డ కింద వేడి. అరబ్బీ, సింహళం, ఏమిటో తెలియని సంగీతం. అప్పుడు కూడా అది సముద్రమే అనుకుంటా, అనుకున్నాడు.

“గిది మీ సార్‌కు తెల్వదా?” అంది రాజమణి. ఆమెకు సంగతంతా చెప్పాడు.

“తెల్వదేమో. ఆయనకు థియోడలైటే లోకం.”

“చెప్పు మరి. గా శుక్రారం నువ్వు కూసున్నవ్ గద, నీకు గూడ ముల్లు అట్లనే తిరిగింది గద. గా ఎర్ర మొగులు ముచ్చట ఎన్నిసార్లు చెప్పినవ్ నాకు! గల్లీల అందరికీ చెప్పినవ్. సార్‌కు చెప్పనీకి ఏమైంది?”

“డ్యూటీ మార్చుకున్నమని తెలిస్తే ఓడ ఎక్కనియ్యడు.”

రాజమణి చెంబులో మిగిలిన నీళ్లు గచ్చు మీద ఒక్కసారిగా గుమ్మరించింది. “ఓడ!” అంది.

ముందు ఆకాశం సంగతి చెబుదాం అనుకున్నాడు. అది చెబితే చాలు, సీమోను బయటపడతాడు. శుక్రవారం ఊసే రానవసరం లేదు. ఈ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందంటే, పడుకోగానే మంచం మళ్లీ ఊగింది.

*

రామ్‌చందర్ సార్ అంతా విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన ముక్కు మీద అద్దాల గుంటలు రెండు ఎర్రగా ఉన్నాయి. మనిషి నిద్రపోయి చాలా రోజులైనట్టు ఉంది.

“ఆకాశం సంగతి నాకు తెల్వదనుకున్నవా నర్సింహా?”

సార్ అద్దాలను వెలుతురుకు ఎత్తి చూశాడు.

“ప్రపంచమంతా తెల్సు. బయటి దేశాలవాళ్ల సెట్లు గూడ సందెల గిట్లనే చేస్తయ్. వాళ్లు చిన్న అచ్చుల రాస్తరు, ఎవ్వరు చదవరు. మనం చిన్నగ రాసినా కమిటీవాళ్లు భూతద్దం పెట్టి చదువుతరు. ఆకాశం అని రాస్తే ఎన్ని గంటలు, ఎన్ని నెలలు, తుఫాన్ల ఎంత అని అడుగుతరు. మనిషి అని రాస్తే ఇంకో మాట అడగరు.” అద్దాలు పెట్టుకున్నాడు. “ఆర్డర్ రాకపోతే సెక్షన్ మూసేస్తరు. నలభై మందిమి. సీమోను గూడ అండ్లనే ఉన్నడు. ప్యాకింగ్ సెక్షన్ అయితే మూయరు, చూసుకో.”

దాంట్లో ఎకసెక్కం ఏమీ లేదు. నిజంగానే సీమోనుకు మేలు జరుగుతుందని ఆయన నమ్ముతున్నట్టు కనిపించింది. బాలనర్సింహకు ఆయన చేతులు కనిపించాయి. కొండ మీద రోజుల తరబడి ఎండలో ఇత్తడి మర తిప్పి తిప్పి బొటనవేలి చర్మం ఊడి, కొత్తది లేతగా వస్తోంది. ఈ మనిషిని ద్వేషించడం వీలవుతుందేమో అని చూశాడు. కాలేదు.

“సార్, శుక్రవారం...” అన్నాడు.

“ఆఁ?”

“శుక్రవారం గద సార్ ఇయ్యాల. సిరా ఎప్పటికి కావాలె?”

“రేపు హాఫ్ డే. మధ్యాహ్నం బండికి ప్రింటుకు పోవాలె.”

బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాక అర్థమైంది, తన గొంతు ఎంత చులాగ్గా దారి తప్పిందో. లోపలి మాట ఒకటి, బయటికి వచ్చిన మాట ఒకటి. ఎవరూ గురిచూడలేదు కాబట్టి ఎడం ఎంతో తెలియదు.

*

సీమోను ఇల్లు వెనక గల్లీలోనే. గడప మీద కూర్చుని సైకిల్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచుతూ బుడగలు ఎక్కడ వస్తాయో చూస్తున్నాడు.

“రా అన్నా. ఇంటూ మార్క్ ఇంటికి సున్నా వచ్చిండు. సుగుణా, చాయ్ పెట్టు!”

“నవ్వులాటనా నీకు?”

“ఏం జేయాలె మరి? ప్యాకింగ్‌ల మంచిగుంటది అన్నా. చెక్కపెట్టెలు వాంతులు చేయియ్యయి. ఓడ మీద నేను తిన్నదంత చేపలకే పెట్టిన, యాదుందా?” బుడగ కనిపించింది. దాని మీద బొటనవేలు ఆనించి పట్టుకున్నాడు. “కెప్టెన్ అనలే? ఈయన ఉంటే మాకు వల అక్కర్లేదు అని.”

బాలనర్సింహ నవ్వాడు. సుగుణమ్మ చాయ్ కప్పులు తెచ్చి గడప మీద పెట్టి, వెళ్లకుండా తలుపు పట్టుకుని నిలబడింది.

“అన్నా, ఒక్క మాట. ఓడ మీద ఈయన కండ్లు నిజంగ తిరిగినయా? ముల్లు సక్కగ కనవడలేదట గద?”

బాలనర్సింహ సీమోను వైపు చూశాడు. సీమోను ట్యూబు వైపు చూస్తున్నాడు.

“కండ్ల దవాఖానకు పోదమంటే ఇంటలేడు. మా మామకు గూడ గిట్లనే మసకలతోని మొదలైంది, ఆఖరుకు గోడ పట్టుకొని నడిచిండు. అద్దాలు వెట్టిస్తె మల్ల ఆపరేటర్‌గ తీసుకుంటరేమో, నువ్వన్న చెప్పరాదె అన్నా? పాస్టరయ్య గారితోని ప్రార్థన గూడ చేయిస్తున్న.”

“నువ్ లోపలికి పో సుగుణా,” అన్నాడు సీమోను మెల్లగా.

ఆమె వెళ్లాక ఇద్దరూ చాయ్ తాగారు. గల్లీలో ఒక మేక గోడ మీది పోస్టరు పీకి నమిలింది.

“ఇంట్ల గూడ కండ్లనే చెప్పినవా?”

“ఇంకేం చెప్పాలె? సార్ అబద్ధమాడుతున్నడు, నర్సింహన్న మూసుకొని కూసున్నడు అని చెప్పాలెనా? గా నోరు ఆగుతదా? తెల్లారకముందే గల్లీ అంత తెలుస్తది.” సీమోను కప్పు కింద పెట్టాడు. కోపం లేదు. చిన్నప్పుడు ఉస్తాద్ చేతిలో దెబ్బలు తిన్నప్పటి ముఖమే, ముగిసిపోయిందిగా అన్నట్టు. “చెప్పకు అన్నా. ఇద్దరం మునుగుడు ఎందుకు? నీకు సముద్రమంటే పానం. నాకు కాదు. గా శుక్రారం నువ్వు గా సీట్ల కూసోనే లేదనుకో. అయిపాయె.”

బాలనర్సింహకు ఒంట్లో ఏదో సడలింది. అడగకుండానే దొరికిన సెలవు. లేచి నిలబడి, సీమోను భుజం మీద చెయ్యి వేసి, గల్లీలోకి నడిచాడు. హాయిగానే ఉంది. ఆ హాయి మీద సుగుణమ్మ గొంతు ఈగలా వాలుతోంది, తోలితే లేచి మళ్లీ వాలుతోంది.

మూలమీద సోమయ్య హోటల్లో దీపం పెడుతున్నారు.

“నర్సింహన్నా! నర్సింహన్నా, ఆగు!” సోమయ్య గల్లా దగ్గర నుంచే కేకేశాడు. “మా బామ్మర్ది వచ్చిండు నల్లగొండకెల్లి. జన్మల సముద్రం చూడలే. గా ఎర్ర మొగులు ముచ్చట చెప్పు రాదె. నేను చెప్తే నమ్ముతలేడు.”

బామ్మర్ది సర్దుకుని బల్ల మీద చోటిచ్చాడు. బాలనర్సింహ కూర్చున్నాడు. ఈ కథ చెప్పి చెప్పి అతనికి దాని మలుపులన్నీ తెలుసు. గుడ్ ఫ్రైడే ఉపవాసం ఉన్న సీమోను, పొద్దు మునిగేలోపల పాట పాడుకుంటా అన్నా, కాసేపు నా సీట్ల కూసో అనడం. షీటు మీద అప్పటికే సీమోను పేరు రాసి ఉండడం. డ్యూటీ ఎవరిదైతే పేరు వాళ్లది, చెయ్యి ఎవరిదైనా. తర్వాత గాజు వెనక ముల్లు తల తిప్పుకున్నట్టు మెల్లగా పక్కకు జరగడం. తను భయపడకుండా అది చూపించిందే రాయడం. ఓడ వెనక భాగం నుంచి సీమోను పాట, సన్నగా. తలెత్తితే గుండ్రటి కిటికీ నిండా...

“చెప్పన్నా. ముల్లు ముందట నువ్వు కూసున్నవ్...” అందించాడు సోమయ్య.

“నేను గాదు,” అన్నాడు బాలనర్సింహ. మాట అలవాటు చేసుకోవాలి కదా అన్నట్టు అన్నాడు. “సీమోను కూసున్నడు.”

“గదేంది? నువ్వే అంటివి గద మొన్న?”

“సీమోనే. ఆయన డ్యూటీ అది.”

“మరి నువ్వేడున్నవ్?”

బాలనర్సింహ వెతికాడు. తనను ఓడలో ఎక్కడైనా పెట్టాలి. వంటగదిలో పెట్టి చూశాడు, అక్కడ కిటికీ లేదు. వెనక భాగంలో పెట్టి చూశాడు, అక్కడ సీమోను పాడుతున్నాడు, అతన్ని లేపి సీట్లో కూర్చోబెడితే పాట ఆగిపోయింది. పాట ఆగితే ముల్లు ఆగింది. కింద అరలో పడుకోబెట్టాడు తనను. చీకటి. ఇంజను వాసన. ఎరుపు కోసం చూశాడు. దుకాణంలో చూసిన లక్కగాజు రంగు వచ్చింది. ఉత్త గాజు.

“యాద్ లేదు,” అన్నాడు.

“చూసినవా?” అన్నాడు బామ్మర్ది సోమయ్యతో. “ఉత్త ముచ్చట్లు.”

ఆ రాత్రి డాబా మీద మంచం గచ్చుకు అతికినట్టు నిలబడింది.

*

శనివారం పొద్దున సెక్షన్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. బాలనర్సింహ ట్రేసింగ్ కాగితం మీద సుద్దపొడి చల్లి, మెత్తటి గుడ్డతో తుడిచి, నాలుగు మూలలూ బల్లకు అంటించాడు. ఇండియన్ ఇంకు సీసా మూత తిప్పాడు. ఈ సిరాను రబ్బరుతో చెరపడం కుదరదు. బ్లేడుతో గీకితే పోతుంది, కానీ కాగితం అక్కడ నూగు లేచి వెలుతురుకు పట్టుకుంటే తెలిసిపోతుంది.

ముందు నడిమి చుక్క. తర్వాత పొద్దుటి సున్నాలు. చిన్న కంపాస్ ముక్కులో సిరా నింపి, కాలు గుచ్చి, ఒక చుట్టు. ఎత్తి, పక్కన గుచ్చి, ఒక చుట్టు. సున్నా తర్వాత సున్నా నల్లగా, తడిగా మెరిసి ఆరిపోతున్నాయి. తర్వాత సీమోను మధ్యాహ్నపు ఇంటూలు. వాటికి గీతల పెన్ను. ఇటు ఒకటి, అటు ఒకటి. రామ్‌చందర్ సార్ రెండుసార్లు వెనక నుంచి నడిచి వెళ్లాడు, రెండోసారి ఆగాడు.

“మంచిగ వస్తుంది. ఎంతసేపు?”

“సందెవే మిగిలినయ్ సార్.”

“కింద రాత మర్చిపోకు. చక్కగ రాయి, నీ అక్షరం మంచిగుంటది.”

సార్ తన గదిలోకి వెళ్లాడు. అద్దం తలుపు వెనక ఆయన తల బల్ల మీదికి వంగింది. సెక్షన్ చివర సీమోను తన డ్రాయర్ ఖాళీ చేస్తున్నాడు. స్క్రూడ్రైవర్లు, టంకం చుట్ట, ఒక చిన్న కొత్త నిబంధన పుస్తకం. అన్నిటినీ చెక్కపెట్టెలో సర్ది, పెట్టెను భుజానికి ఎత్తుకుని, ఇటు చూడకుండా తలుపు దాటాడు.

బాలనర్సింహ సాయంత్రాలకు సిరా పెట్టడం మొదలుపెట్టాడు. సోమవారం సాయంత్రం, ఇంటూలు. మంగళవారం, ఇంటూలు. పెన్సిలు గుర్తుల పక్కన సన్నగా వారం, వేళ రాసి ఉన్నాయి. గురువారం. దాని తర్వాతి గుర్తులు నడిమి చుక్కకు అన్నిటికన్నా దూరంగా ఉన్నాయి. అతను పెన్సిలుతో ఇంటూలుగానే వేసినవి. చుక్కల గీత వాటిని చుట్టాలి. దాని కింద తన మంచి అక్షరంతో ఒక వాక్యం.

పెన్ను గాలిలో పట్టుకుని ఉండగానే సిరా ఆరిపోయింది. గుడ్డతో తుడిచాడు. మళ్లీ ముంచాడు. మళ్లీ ఆరింది.

ఒకరి కళ్లు మసకలయ్యాయంటే నమ్మొచ్చు. ఇద్దరి కళ్లు ఒకే వేళకు, ఒకే వైపుకు మసకలయ్యాయంటే కమిటీలో ఎంత తొందరలో ఉన్నవాడైనా తలెత్తుతాడు, అడుగుతాడు. అడిగితే ఆకాశం సంగతి వస్తుంది. ఆ సీట్లో ఎవరు ఎందుకు కూర్చున్నారన్నదీ వస్తుంది. పడమటి సముద్రం ఇంకెవరికో పోతుంది. ఇవన్నీ నిన్న సోమయ్య హోటల్లో కూర్చున్నప్పుడే అతనికి తెలుసు. ఇప్పుడు కొత్తగా తెలిసింది ఏమీ లేదు. కాకపోతే, తను వెళ్లబోయే సముద్రం ఎలా ఉంటుందో ఊహించబోతే ఏ రంగూ రావడం లేదు. చూసొచ్చిన సముద్రం ఒక్కటే ఉంది. అది ఈ గుర్తుల దగ్గర ఉంది.

గీతల పెన్ను పక్కన పెట్టాడు. రబ్బరు తీసుకుని శుక్రవారం పెన్సిలు ఇంటూలను ఒక్కొక్కటిగా చెరిపాడు. పొడిని చేత్తో కాకుండా నోటితో ఊదాడు, తడి సిరాకు తగలకుండా. చిన్న కంపాస్ అందుకుని, ముక్కులో సిరా నింపి, అంచు సీసా మూతికి తాకించి ఎక్కువైన బొట్టును వదిలించాడు.

అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట కంపాస్ కాలు గుచ్చి, మెల్లగా, ఒక చుట్టు తిప్పాడు.